టెక్ సందేహాలు: అరుదైన ఇంటిపేరు, పది రకాల స్పెల్లింగులు

ప్రశ్న: మా ఇంటిపేరు చాలా అరుదు. పాత కాగితాల్లో ఒక్కోచోట ఒక్కోలా రాసి ఉంది. వంశవృక్షాల సైట్‌లో ఒక స్పెల్లింగ్ కొడితే ఏమీ రాదు, ఇంకోటి కొడితే మాకు సంబంధం లేనివాళ్ళు వేలల్లో వస్తున్నారు. మంచి యాప్ ఏదైనా చెప్పండి.

యాప్ మారిస్తే ఒరిగేదేమీ లేదు. ఇదే ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ వస్తోంది, పొరపాటు ప్రతిసారీ ఒకే చోట దొరుకుతోంది. అందరూ ఇంటిపేరుతోనే వెతకడం మొదలుపెడుతున్నారు. మన చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ది మాత్రం అరుదైన పేరును తనకు తెలిసిన పేరు వైపు లాగే గుణం.

ముందు ఫోన్ సంగతి చూద్దాం. పేరు టైప్ చేసి స్పేస్ కొట్టగానే ఆటోకరెక్ట్ ఒక అక్షరం మార్చేస్తుంది, మీరు గమనించరు. మీకు తెలిసిన స్పెల్లింగులన్నీ కీబోర్డు పర్సనల్ డిక్షనరీలో చేర్చండి. తెలుగులో వెతికేటప్పుడు ఇంకో తిరకాసుంది. పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పెడతాయి. పేరు చివర్లో ఆ గుర్తు ఉన్నా లేకున్నా మన కంటికి ఒకటే, కొన్ని సెర్చ్‌లకు మాత్రం రెండు వేరు మాటలు. సున్నాతో రాసిన ‘చింత’, న కింద త-ఒత్తుతో రాసిన ‘చిన్త’ కూడా పలకడానికి ఒకటే, సెర్చ్‌కు వేరు. రెండు రూపాలూ కొట్టి చూడాలి. యూనికోడ్‌కు (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల కోడ్‌కు) ముందు ఫాంట్లతో తయారైన పీడీఎఫ్‌లలో అయితే పైకి కనిపించేది తెలుగే గానీ లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి. అక్కడ సెర్చ్ పనిచేయదు, పేజీలు తిప్పి కళ్ళతో చూడాల్సిందే.

ఇక వంశవృక్షాల సైట్ల సెర్చ్‌లో ఉండే ‘ఇలా పలికే పేర్లు’ అనే టిక్. చాలాచోట్ల దాని వెనక ఉండేది సౌండెక్స్, అమెరికాలో 1918లో పేటెంట్ పొందిన పద్ధతి. పేరులోని మొదటి ఇంగ్లిష్ అక్షరాన్ని అలాగే ఉంచుతుంది, తర్వాతి హల్లులకు 1 నుంచి 6 వరకు అంకెలు వేస్తుంది, అచ్చులను, హెచ్, డబ్ల్యూ, వై అక్షరాలను వదిలేస్తుంది, మూడంకెలు రాగానే ఆగిపోతుంది, తక్కువైతే సున్నాలతో నింపుతుంది. అందుకే స్మిత్, స్మైత్, ష్మిట్ మూడింటికీ ఎస్530 అనే కోడే వస్తుంది. అచ్చుల గొడవ వరకు ఇది బాగా పనికొస్తుంది. మొదటి అక్షరం మారిందా, చేతులెత్తేస్తుంది. క్రేమర్ అన్న పేరును కె తో రాస్తే కె656, సి తో రాస్తే సి656. ఒకటి వెతికితే రెండోది రాదు. పలకని కె తో మొదలయ్యే నైట్‌కు కె523 వస్తుంది, ఆ కె తీసేస్తే ఎన్230. కోడ్ మొత్తం తారుమారైంది. పేరు పొడుగైతే ఇంకో ఇబ్బంది. మూడంకెల తర్వాత ఉన్న భాగాన్ని అసలు చూడదు కాబట్టి ఒకేలా మొదలయ్యే పొడుగు పేర్లన్నీ ఒకే గంపలో పడతాయి. మీకు వేలల్లో వస్తున్నవాళ్ళు ఆ గంపలోని వాళ్ళే.

కాబట్టి మొదటి అక్షరానికి ఉన్న వీలులన్నిటితో విడివిడిగా వెతకండి: కె, సి, క్యూ ఒక జట్టు, వి, డబ్ల్యూ ఒక జట్టు, ఎఫ్, పి-హెచ్ ఒక జట్టు. డైచ్-మొకోటాఫ్ అనే ఆప్షన్ కనిపిస్తే మొదట దాన్నే ఎంచుకోండి. తూర్పు యూరప్ పేర్ల కోసం 1985లో చేసిన ఆ పద్ధతి మొదటి అక్షరానికీ అంకె వేస్తుంది, మొత్తం ఆరంకెలు ఇస్తుంది.

అసలు పట్టు దొరికేది ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినప్పుడు. మనిషి పేరు, భార్య లేదా భర్త పేరు, పుట్టిన ఏడాదికి అటూ ఇటూ రెండేళ్ళు, ఊరు ఇచ్చి వెతకండి. ఒకే ఇంట్లో తల్లి, తండ్రి, ముగ్గురు పిల్లల పేర్లు మీకు తెలిసిన వరసలోనే కనబడితే, ఇంటిపేరు ఎంత వికారంగా రాసి ఉన్నా అది మీ ఇల్లు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఆ వికారపు స్పెల్లింగే మీకు కొత్త ఆధారం. దాన్ని ఒక షీట్‌లో ఎక్కించండి: ఉన్నది ఉన్నట్టు స్పెల్లింగ్, ఏ రికార్డు, ఏ ఏడాది, ఎవరు రాశారు. ఏ స్పెల్లింగ్‌తో ఎక్కడ వెతికితే ఏమీ రాలేదో కూడా తేదీతో రాసుకోండి. లేకపోతే ఆరు నెలల తర్వాత అదే గోడకు మళ్ళీ తల కొట్టుకుంటారు.

చాలా సైట్లలో ప్రశ్నార్థకం ఒక అక్షరానికి, నక్షత్రం గుర్తు ఎన్ని అక్షరాలకైనా బదులు నిలుస్తాయి. అచ్చులున్న చోట వాటిని పెట్టండి. మామూలు వెబ్ సెర్చ్‌లో మాట మధ్యలో నక్షత్రం పెడితే ఈ పని జరగదు, అక్కడ ఒక్కో స్పెల్లింగ్‌ను కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వాలి. కొన్ని సైట్లలో ‘ఖచ్చితమైన సరిపోలిక’ అనే టిక్‌ను మెనూల లోపల దాచేస్తున్నారు. ఇది నాకు బొత్తిగా నచ్చని పని. అరుదైన పేరున్నవాడికి ఆ టిక్ ఒక్కటే దిక్కు. దాన్ని దాచి, సంబంధం లేని వేల ఫలితాలు చూపించి, అదే తెలివైన సెర్చ్ అంటే ఎలా?

ప్రశ్న: పాత రిజిస్టర్ పేజీ ఫొటో ఏఐకి ఇస్తే గడగడా చదివేసింది. నమ్మొచ్చా?

మిగతా మాటల సంగతి ఎలా ఉన్నా, ఇంటిపేరును మాత్రం నమ్మకండి. చేతిరాతను చదివే మోడల్ ఆకారాన్ని ఒక్కటే చూడదు, అక్కడ ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో కూడా లెక్కేస్తుంది. అందుకే ‘నిన్న’, ‘కూతురు’ వంటి మాటలు చక్కగా వస్తాయి, ఎప్పుడూ చూడని ఇంటిపేరు దగ్గర దానికి దగ్గరగా ఉండే తెలిసిన పేరు వచ్చి కూర్చుంటుంది. తప్పు చదివినట్టు అనిపించదు కూడా, ఎందుకంటే అది నిజమైన పేరే.

‘ఇక్కడ ఫలానా ఇంటిపేరు ఉందా?’ అని అడగకండి. మీరు పేరు చెబితే ఉందనే వైపే మొగ్గుతుంది. ‘అక్షరం అక్షరం విడదీసి రాయి, అనుమానం ఉన్నచోట గుర్తు పెట్టు’ అని అడగండి. తర్వాత అదే పేజీలో, అదే గుమాస్తా రాసిన తెలిసిన మాటల్లో ఆ అక్షరం ఎలా ఉందో పోల్చండి. ఇంగ్లిష్ చేతిరాతలో పెద్ద ఎస్-ఎల్, పెద్ద టి-ఎఫ్, చిన్న యు-ఎన్ తెగ కలిసిపోతాయి. పాత అచ్చులో ఎఫ్‌లా కనిపించే పొడుగు ఎస్‌ను యంత్రం ఎఫ్ అని చదువుతుంది. స్కాన్ కనీసం 300 డీపీఐలో, సన్నని రాతైతే 600లో, రంగుల్లోనే చేయండి. స్కానింగ్ యాప్‌లలో ముందే ఆన్‌లో ఉండే ‘ఎన్‌హాన్స్’ ఫిల్టర్ ఆపేయండి. అది కాగితాన్ని తెల్లగా చేసే తొందరలో వెలిసిన సిరా గీతను మరక అనుకొని తుడిచేస్తుంది. పేజీ అందంగా కనిపిస్తుంది, సాక్ష్యం పోతుంది.

ప్రశ్న: సైట్ చూపించిన మ్యాచ్‌లన్నీ ఒక్క క్లిక్‌తో కలుపుకున్నాను. ఇప్పుడు ముత్తాతకు ఇద్దరు తండ్రులు కనిపిస్తున్నారు. వంశవృక్షం పబ్లిక్‌లో ఉంది, మా పిల్లల పేర్లూ ఉన్నాయి. ఏమైనా ఇబ్బందా?

ఇద్దరు తండ్రులను తర్వాత సరిచేసుకోవచ్చు. ఒకరి చెట్టు నుంచి ఇంకొకరు కాపీ కొట్టిన పది చెట్లు పది సాక్ష్యాలు కావని గుర్తుంచుకుంటే చాలు. ముందు చెట్టును ప్రైవేట్ చేయండి, ఇవాళే.

ఇంటిపేరు అందరికీ ఉండేదైతే మీరు గుంపులో కలిసిపోతారు. అరుదైన పేరుకు ఆ రక్షణ లేదు. అది కనబడిన ప్రతిచోటా మీరో మీ దాయాదులో ఉన్నట్టే. మీ పబ్లిక్ చెట్టులో ఇప్పుడు ఉన్నవి పుట్టిన తేదీలు, అమ్మ పుట్టింటి ఇంటిపేరు, ఊరు, తోబుట్టువుల పేర్లు. ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోతే కొన్ని సంస్థలు ఇప్పటికీ అడిగే రహస్య ప్రశ్నలకు జవాబులు ఇవే. ‘నేను మీ పెదనాన్న మనవణ్ణి, ఆస్పత్రిలో ఉన్నాను’ అని ఫోన్ చేసేవాడికి కావలసిన వివరాలూ ఇవే. పుట్టింటి పేరు అడిగే చోట నిజం రాయకండి. పాస్‌వర్డ్ మేనేజర్‌తో తలా తోకా లేని జవాబు పుట్టించి, అందులోనే దాచుకోండి.

బతికున్నవాళ్ళను సైటే దాచేస్తుందన్న ధీమా వద్దు. మరణ వివరం ఉందా, పుట్టి ఎన్నేళ్ళయింది అన్న లెక్కతో చేసే అంచనా అది. ఆ వివరాలు సరిగ్గా నింపకపోతే అంచనా తప్పొచ్చు. పేరు దాచినా తండ్రి గడి తెరిచి ఉంటే ఇంటిపేరు తెలిసిపోతుంది. వంశవృక్షాన్ని బంధువులకు పంపడానికి వాడే జెడ్‌కామ్ (GEDCOM) ఫైల్‌తో ఇంకా జాగ్రత్త. ఎగుమతి చేసేటప్పుడు ‘బతికున్నవారిని వదిలేయి’ అన్నది ఎంచుకోండి, తర్వాత ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి నోట్, ఫోన్, ఈమెయిల్, అడ్రస్ ట్యాగులు వెతకండి. అది మామూలు టెక్స్ట్ ఫైల్, ఏ తాళమూ లేదు. మీరు ఎప్పుడో రాసుకున్న విడాకుల నోట్ కూడా అందులో అక్షరం పొల్లు పోకుండా ఉంటుంది.

రెండు స్పెల్లింగుల వాళ్ళు ఒకే కొమ్మా అని తేల్చడానికి డీఎన్ఏ పరీక్ష చేయించాలా అని కూడా చాలామంది అడుగుతున్నారు. ఇంటిపేరు తండ్రి నుంచి వచ్చే కుటుంబాల్లో దానికి సరిపోయేది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై-డీఎన్ఏ పరీక్ష. మగవాళ్ళే చేయించుకోవాలి కాబట్టి ఆడవాళ్ళు అన్ననో తమ్ముణ్ణో, నాన్న తమ్ముడైన బాబాయినో అడగాలి. కలిస్తే మూలపురుషుడు ఒకడేనని తెలుస్తుంది, ఎన్ని తరాల కిందటో స్థూలంగానే తెలుస్తుంది. కలవకపోతే మధ్యలో ఎక్కడో దత్తత జరిగి ఉండొచ్చు, అసలు వేరే కుటుంబమూ కావచ్చు.

ఒప్పుకునేముందు ఇది తెలుసుకోండి. 2023లో జన్యు పరీక్షల సంస్థ ఒకదానిలో దొంగలు వేరేచోట లీకైన పాస్‌వర్డ్‌లతో సుమారు 14,000 ఖాతాల్లో చొరబడ్డారు. బంధువులను కలిపే ఫీచర్ వల్ల దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. వేలు విడిచిన బంధువు ఎవరో బద్ధకించి పాత పాస్‌వర్డ్‌నే వాడితే, ఏ తప్పూ చేయనివాళ్ళు బలయ్యారు. కొత్త పాస్‌వర్డ్, రెండంచెల లాగిన్ పెట్టుకునే వరకు బంధువుల మ్యాచింగ్ ఆన్ చేయకండి. నమూనా ఇచ్చే బాబాయికి ఈ విషయం చెప్పి, ఆయన సరేనన్నాకే కిట్ తెప్పించండి.