కాక్టస్ మీద తెల్లటి దూది – అది తెల్లదోమ కాదమ్మా

ప్రశ్న: సార్ నమస్తే, మాది సోంపేట మండలం, బారువ దగ్గర. కొబ్బరి తోట ఉంది. డాబా మీద 26 కాక్టస్ కుండీలు పెంచుతున్నాను. రెండు నెలల్నుంచి ముళ్ళ మధ్య తెల్లగా దూదిలా పడుతోంది. తోటలో కొబ్బరికి పట్టిన తెల్లదోమే వీటికీ వచ్చిందనుకుంటున్నాం. షాపాయన బూజు మందు, మోనోక్రోటోఫాస్ కలిపి ఇస్తే నాలుగుసార్లు కొట్టాం, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. మూడు మొక్కలు మెత్తబడి ఒరిగిపోయాయి. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ మందులు ఆపండి. అది తెల్లదోమా కాదు, బూజూ కాదు, పిండినల్లి. తెల్లదోమ అయితే కదిపితే లేస్తుంది, ఇది కదిపినా కూర్చున్నచోటే ఉంటుంది. అగ్గిపుల్లతో ఆ దూది తీసి చూడండి, లోపల మెత్తగా లేత గులాబీ రంగు పురుగు కనబడుతుంది. చప్పట అట్టల నాగజెముడు రకం మీద అయితే ఓసారి నలిపి చూడండి, నెత్తురులా ముదురెరుపు వస్తే అది కొచినీల్ పురుగు. ఒకప్పుడు నాగజెముడు పొలాల్లోకి పాకిపోతుంటే దాన్ని చంపడానికని 1926లో శ్రీలంక నుంచి తెచ్చి వదిలిన పురుగు అదే. అది గనక ఉంటే ఆ అట్ట కోసి కాల్చెయ్యండి.

బూజు మందు పురుగుని చంపదు, మీరు నాలుగుసార్లు కొట్టింది డబ్బు వృథా. ఇంక మోనోక్రోటోఫాస్, డబ్బా మీద ఎర్ర ముక్కోణం ఉంటుంది చూశారా, అంటే అత్యంత విషం, దాన్ని పిల్లలు తిరిగే డాబా మీద, బట్టలారేసే చోట కొట్టమని ఎలా చెప్పారో నాకు అర్థం కావట్లేదు. మొక్క చూడకుండా మందు ఇచ్చే షాపు మాట వినొద్దు, రైతులకి ఎప్పుడూ ఇదే చెప్తుంటాను. మీ కొబ్బరికి కూడా ఇదే వర్తిస్తుంది, తెల్లదోమకి విషం మందులు కొడితే దాన్ని తినే ఎన్కార్సియా అనే చిన్న కందిరీగ చచ్చిపోయి దోమ ఇంకా పెరుగుతుంది, అక్కడ ఐసేరియా ఫంగస్ పొడి లీటరుకి 5 గ్రాములు ఆకుల అడుగు తడిసేలా సాయంత్రం కొట్టండి చాలు.

ఇప్పుడు కాక్టస్ సంగతి. మళ్ళీ మళ్ళీ వస్తోందంటే నాకు అనుమానం వేర్ల మీదే. పైన కనబడేది సగమే, వేర్లకి పట్టే పిండినల్లి వేరే ఉంది, కుండీ లోపలి గోడకి తెల్లటి పొడిలా అంటుకుని ఉంటుంది, నీళ్ళ పళ్ళెం గుండా పక్క కుండీకి పాకుతుంది. ఒక కుండీ బోర్లించి చూడండి. కనబడితే మొత్తం 26 కుండీలు మార్చాల్సిందే, బద్ధకిస్తే కుదరదు. మట్టంతా దులిపి వేర్లు కడిగి, నల్లబడ్డవి కత్తిరించి, నీడలో 5 నుంచి 7 రోజులు ఆరనివ్వండి. కుండీని మరిగే నీళ్ళతో కడగండి, పాత మట్టి మళ్ళీ వాడొద్దు. కొత్త మిశ్రమం రెండు వంతుల ముతక ఇసుక, ఒక వంతు మట్టి, ఒక వంతు మాగిన ఎరువు. ఇసుక మహేంద్రతనయ ఏటిది తెచ్చుకోండి, దగ్గరుంది కదాని బారువ బీచ్ ఇసుక వేశారా, ఉప్పుకి వేరు మాడిపోతుంది. నాటాక వారం దాకా నీళ్ళు పొయ్యొద్దు.

పైన ఉన్నదానికి మెడికల్ షాపులో 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి, ఇయర్‌బడ్‌తో ఒక్కో దూది ముద్దకి అద్దండి, పొయ్యి దగ్గర కాదు, ఎండలోనూ కాదు, సాయంత్రం పూట. ముందు ఒక మొక్కకి అద్ది రెండ్రోజులు చూడండి. ఆ దూది లోపల గుడ్లుంటాయి, ఒక్కసారికి చావవు, అందుకే 7 రోజులకోసారి చొప్పున నాలుగుసార్లు చెయ్యాలి, మూడోసారికే తగ్గిందని ఆపేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. మొక్కలు ఎక్కువ కాబట్టి చేత్తో ఓపిక లేకపోతే 1500 పీపీఎం వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, లిక్విడ్ సబ్బు 1 మిల్లీలీటరు కలిపి కొట్టి, రెండ్రోజులు నీడలో ఉంచండి, లేదంటే చర్మం మాడి మచ్చ పడుతుంది. నీలం బూడిద పూత ఉన్న రకాలకి ఇది వద్దు, పూత పోతుంది. మట్టి మార్చాక కూడా వేర్లకి మళ్ళీ వస్తేనే ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందు లీటరుకి 0.3 మిల్లీలీటరు కలిపి, ఒక్కసారే, మట్టి తడిసేలా పొయ్యండి, మొక్క పూలు పూస్తుంటే వద్దు, తేనెటీగలు వస్తాయి.

చీమలు తిరుగుతున్నాయా? రాయలేదు మీరు. అవి ఈ పురుగు విసర్జించే తియ్యటి జిగురు కోసం దాన్ని కాపాడుతూ ఒక కుండీ నుంచి ఇంకో కుండీకి మోస్తాయి, బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి. కొత్తగా కొన్న కుండీ ఏదైనా నెల్లాళ్ళు విడిగా ఉంచాకే మిగతావాటిలో కలపండి.

ఒరిగిన మూడూ అతి తడికి కుళ్ళాయి, నాలుగుసార్లు మందు తడి మీద తడి తగిలింది కదా. పైన గట్టిగా ఉన్న భాగాన్ని కాల్చి చల్లార్చిన చాకుతో కోసి, కోత తెల్లగా ఉందేమో చూసి, గోధుమరంగు కనబడితే ఇంకా పైకి కోసి, నీడలో 10 రోజులు ఆరబెట్టి పొడి ఇసుకలో నిలబెట్టండి, రెండు వారాల తర్వాతే కొంచెం నీళ్ళు చిలకరించండి.