కాల్‌గెట్‌సీలో డి గ్రేడు చెల్లదు, స్పీచ్ కోర్సు తప్పదు
నమస్కారమండీ. 2025 ఆగస్టులో కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో చేరిన మీ అమ్మాయికి ఇంగ్లిష్ కాంపోజిషన్‌లో డి వచ్చిందనీ, నాలుగేళ్ల యూనివర్సిటీకి బదిలీ కావడానికి అది సరిపోతుందా అనీ అడిగారు. సరిపోదు. ఆ ఏడాది ఫాల్ నుంచి చేరినవారికి బదిలీకి కావలసిన జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల జాబితా కాల్‌గెట్‌సీ; ఐజీఈటీసీ అనే పాత జాబితా స్థానంలో వచ్చిన ఇందులో 11 కోర్సులు, కనీసం 34 సెమిస్టర్ యూనిట్లు ఉంటాయి. ప్రతి కోర్సులోనూ విడిగా సి గానీ అంతకంటే మెరుగైన గ్రేడు గానీ రావాలి కాబట్టి, మొత్తం జీపీఏ ఎంత బాగున్నా ఆ ఒక్క డి అడ్డుపడుతుంది. ఆ కోర్సును మళ్లీ తీసుకోవచ్చు. క్రిటికల్ థింకింగ్ కోర్సుకు అదే ముందు మెట్టు కనుక వచ్చే సెమిస్టర్‌లోనే తీసుకోమనండి.

మీ దగ్గరున్న పాత కోర్సుల జాబితాలో లేని స్పీచ్ కోర్సు ఇప్పుడు యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి) వెళ్లేవారికి కూడా తప్పనిసరి; అందులో శ్రోతల ఎదుట మాట్లాడి చూపించాలి. (మన పిల్లలు చాలామంది దీన్నే చివరిదాకా వాయిదా వేస్తుంటారు.) ఎత్నిక్ స్టడీస్ (అమెరికాలోని మైనారిటీ జాతుల చరిత్ర, సంస్కృతి) కోర్సు ఒకటి ఉండాలి. ల్యాబ్‌తో కూడిన బయాలజీ తీసుకుంటే వేరే ల్యాబ్ అక్కర్లేదు.

అయితే ఆమెది కంప్యూటర్ సైన్స్ కనుక, జనరల్ ఎడ్యుకేషన్ కంటే కాల్క్యులస్, ప్రోగ్రామింగ్ వంటి మేజర్ కోర్సులకే నేను ముందు చోటిస్తాను. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైటులో ఆమె కాలేజీ పేరుతో చూసి, ఆ పేజీతోనే కౌన్సెలర్‌ను కలవమనండి.