గ్యాంగ్ నేరాలకు శిక్షలు పెంచితే నేరాలు తగ్గుతాయా?

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో గ్యాంగ్ నేరాలకు కనీసం అయిదేళ్ల జైలు తప్పనిసరి చేశారు కదా, దీనివల్ల ఉపయోగం ఉంటుందా, మన దగ్గర కూడా ఇలాంటిది రావాలా అని అడిగారు. నేను లాయర్‌ని కాదు. కాలిఫోర్నియాలో ఒక గ్యాంగ్ కేసులో జ్యూరీలో, అంటే నేరం రుజువైందో లేదో తేల్చే మామూలు పౌరుల బృందంలో కూర్చున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు మీ జార్జియా సంగతి. పాత చట్టంలోనూ 5 నుంచి 20 ఏళ్ల జైలు ఉంది. కాకపోతే జైలు బదులు జరిమానాతో వదిలేసే వీలు జడ్జికి ఉండేది. 2023లో గవర్నర్ బ్రయన్ కెంప్ సంతకం పెట్టిన చట్టం ఆ వీలును బాగా కుదించింది. పిల్లల్ని గ్యాంగ్‌లోకి లాగితే కనీసం 10 ఏళ్లు. ఈ రెండో భాగంతో నాకు పేచీ లేదు. పిల్లాడి చేతికి తుపాకీ ఇచ్చి పంపేవాడి మీద జాలెందుకు?

నేను కూర్చున్నది ఒక దోపిడీ కేసు. పార్కింగ్ లాట్‌లో ఒకాయన్ని బెదిరించి ఫోను, డబ్బు లాక్కున్నారు. ముద్దాయి కుర్రాడికి ఇరవై దాటాయో లేదో. కాలిఫోర్నియా గ్యాంగ్ చట్టం 1988 నాటిది. అసలు నేరానికి వేసే శిక్ష పైన గ్యాంగ్ పేరుతో ఇంకొన్నేళ్లు కలుపుతుంది. ఇలాంటి దోపిడీకి మామూలుగా 2, 3 లేదా 5 ఏళ్లు. గ్యాంగ్ కోసం చేశాడని తేలితే పైన ఇంకో 10. అసలు కన్నా కొసరే ఎక్కువన్నమాట! విచిత్రమేమిటంటే ఈ లెక్క జ్యూరీకి చెప్పరు. శిక్ష గురించి ఆలోచించొద్దని జడ్జి ముందే హెచ్చరిస్తారు. ఆ పదేళ్ల సంగతి కేసు అయిపోయాక ఇంటికొచ్చి వెతికితేనే నాకు తెలిసింది.

2022లో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం డిఫెన్స్ లాయర్ కోరితే విచారణ రెండు దశల్లో జరుగుతుంది. ముందు నేరం, అది తేలాకే గ్యాంగ్ సంగతి. రెండో దశలో గ్యాంగ్ నిపుణుడిగా వచ్చిన పోలీసు అధికారి ఎర్ర బట్టలు, 14 అంకె టాటూ, ఫొటోల్లో పక్కన నిలబడ్డవాళ్లు అంటూ తెర మీద చూపిస్తుంటే మాలో కొందరి మొహాలు మారిపోయాయి. ఉత్తర కాలిఫోర్నియాలో నార్తేన్యోలు అనే గ్యాంగ్ గుర్తులవి. (ఫార్టీనైనర్స్ అనే ఫుట్‌బాల్ జట్టు ఎర్ర జెర్సీ నా దగ్గరా ఉంది, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఎంతమంది దగ్గరుందో లెక్కే లేదు.) ఇదంతా మొదటే చూపించి ఉంటే, అసలు దోపిడీ చేసింది ఇతనేనా అన్న ప్రశ్న మీద మేం అంతసేపు కూర్చునేవాళ్లం కాదు.

దోపిడీ రుజువైంది. గ్యాంగ్ అభియోగం నిలవలేదు. ఆ 2022 సవరణ తర్వాత, గ్యాంగ్‌కి పేరు రావడానికి చేశాడంటే చాలదు. డబ్బో, ప్రత్యర్థుల మీద పగో, సాక్షుల్ని బెదిరించడమో, గ్యాంగ్‌కి ఫలానా లాభం ఉందని చూపాలి. ఆ డబ్బు కుర్రాడి జేబు దాటి ఎవరికి చేరిందో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోయింది. ఒకావిడ మాత్రం చాలాసేపు ఒప్పుకోలేదు. "మా వీధిలో వీళ్లతో ఎలా బతుకుతున్నామో మీకు తెలీదు" అంది. ఆవిడ భయం ఉత్తదేం కాదు. కానీ భయం సాక్ష్యం కాదు కదా.

గ్యాంగ్ ముద్ర ఎంత తేలిగ్గా పడుతుందో చూడండి. 2016లో కాలిఫోర్నియా ఆడిటర్ పోలీసుల గ్యాంగ్ డేటాబేస్ తనిఖీ చేస్తే, నమోదు నాటికి ఏడాది కూడా నిండని 42 మంది అందులో ఉన్నట్టు తేలింది. వాళ్లలో 28 మంది తాము గ్యాంగ్ సభ్యులమని స్వయంగా ఒప్పుకున్నారట!

శిక్ష ఏళ్లు చూసి కుర్రాళ్లు ఆగుతారని నేననుకోను. సెక్షన్లు చదివి ఎవరూ దోపిడీకి బయలుదేరరు, దొరికిపోతామన్న భయం ఉంటే ఆగుతారు. చట్టంలో ఏళ్ల కన్నా, గ్యాంగ్ అనడానికి ఏం రుజువు చేయాలన్నారో అదే నేను ముందు చూస్తాను.

ఇక మన దగ్గర. మహారాష్ట్రకు 1999 నుంచి మకోకా అనే వ్యవస్థీకృత నేరాల నియంత్రణ చట్టం ఉంది. 2024 జులై 1 నుంచి వ్యవస్థీకృత నేరాలకు భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 111వ సెక్షన్ దేశమంతటా ఉంది. కనీసం 5 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం, ప్రాణం పోతే మరణశిక్ష కూడా. కాబట్టి కఠినత్వానికి కొదవ లేదు. వ్యవస్థీకృత నేరం అనడానికి మాత్రం గత పదేళ్లలో ఒకటికి మించి చార్జిషీట్లు పడి, కోర్టు వాటిని విచారణకు స్వీకరించి ఉంటే చాలు. ఆ పాత కేసుల్లో నేరం రుజువై ఉండక్కర్లేదు. మా కేసులో అయితే, అది గ్యాంగే అనడానికి చూపించిన దాని సభ్యుల పాత నేరాలు నిజంగా జరిగాయని, గ్యాంగ్ లాభం కోసమే జరిగాయని కూడా ప్రాసిక్యూషన్ రుజువు చేయాల్సి వచ్చింది.