అమ్మ వేషం వచ్చిందని ఏడవకు

చిన్నారీ,

నిన్న రాత్రి నువ్వు పంపిన మెసేజ్ మూడుసార్లు చదివాను. ముప్ఫై ఆరేళ్లకే హీరోకి అమ్మ వేషమా పిన్నీ అన్నావే, ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే సరిగ్గా నీ వయసులో ఇదే కారణం చెప్పి నేనూ ఒక వేషం వద్దన్నాను. ఆ తర్వాత రెండేళ్లు నన్ను పిలిచినవాళ్లు లేరు. నువ్వు ఆ పని చెయ్యకు. ఒప్పుకో.

నిర్మలమ్మగారు నాటకాల్లోంచి 1943లోనే సినిమాల్లోకి వచ్చారు, కానీ ఆవిడ పేరు చెబితే ఇప్పటికీ మన కళ్లముందుకొచ్చేది బామ్మే కదా. హిందీ నటి జోహ్రా సెహగల్ సంగతి చూడు. 1935లో ఉదయ్ శంకర్ బృందంలో డాన్సర్‌గా చేరి, 1945 నుంచి పద్నాలుగేళ్లు పృథ్వీ థియేటర్‌తో ఊరూరా తిరిగి నాటకాలాడి, యాభయ్యో ఏట లండన్ వెళ్లి అక్కడ మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడ్డారు. 2007లో అమితాబ్ బచ్చన్‌కి అమ్మగా వేసేనాటికి ఆవిడకి 95 ఏళ్లు! అమ్మ వేషంతో అంతా అయిపోతుందని నీకెవరు చెప్పారమ్మా?

ఇక పని సంగతి. నా మొదటి షాటులో పరిషత్ నాటక పోటీల అలవాటుకొద్దీ చివరి వరసకి వినబడేలా డైలాగ్ చెప్పాను. టేకు మీద టేకు. కాళ్లు వణుకుతుంటే, జడ సర్దుతున్న హెయిర్ డ్రెస్సర్ నా చెవి దగ్గరకొచ్చి "అమ్మా, నాతో చెబుతున్నట్టు చెప్పండి, చాలు" అంది. తర్వాతి టేకు ఓకే అయింది. నీకూ అదే చెబుతున్నా. గొంతు తగ్గించు, కానీ లోపల ఉన్నది తగ్గించకు, క్లోజప్‌లో కనురెప్ప కూడా పెద్దగా కనబడుతుంది. ఏ మాట దగ్గర గ్లాసు ఏ చేత్తో ఎత్తావో గుర్తుపెట్టుకో, లేకపోతే రెండో యాంగిల్ తీసేటప్పుడు కంటిన్యూటీ పోయి, అంటే రెండు షాట్లూ ఒకదానికొకటి కలవక, నీ మంచి టేకు ఎడిటింగ్‌లో ఎగిరిపోతుంది. పెద్దావిడలా కనబడాలని వంగి నడవకు. కూర్చునేముందు కుర్చీ చెయ్యి ఒక్కసారి తడిమి చూసుకో, వయసు అక్కడే తెలిసిపోతుంది.

డబ్బు విషయం కచ్చితంగా మాట్లాడు. ఎన్ని రోజులు, రోజుకి ఎంత, డబ్బింగ్ అందులోనే కలిసిందా, అన్నీ కాగితం మీద ఉండాలి. ఒక కంపెనీ నాకు నాలుగు రోజుల డబ్బు ఎగ్గొట్టింది, నోటిమాట నమ్మినందుకు.

నాటకం మాత్రం వదలకు. ఏడాదికి ఒక్కటైనా ఆడు. రెండు గంటలపాటు ఆపకుండా ఒక మనిషిలా బతకడం సెట్లో దొరకదు, అక్కడ ముక్కలు ముక్కలుగా తీస్తారు, ముందు చావు తీసి తర్వాత పెళ్లి తీస్తారు. పాత్ర మొత్తాన్ని మనసులో పట్టి ఉంచుకునే శక్తి రంగస్థలమే ఇస్తుంది. పొద్దున్నే ఒక పద్యం గొంతెత్తి చదువు. నేను ఈ వయసులోనూ మానలేదు, అందుకే ఇప్పటికీ డబ్బింగ్‌కి పిలుస్తున్నారు.

కొడుకు ఇల్లు వదిలి వెళ్లే సీను ఉందన్నావు కదా. ఆ కాగితం ఫోటో తీసి పంపు, రాత్రి తొమ్మిదికి ఫోన్ చెయ్యి, కొడుకు మాటలు నేను చదువుతాను.

పిన్ని