ఉద్యోగం మానేసి సంగీతంలోకి వస్తే చివరిదాకా నిలబడగలమా?

మీ వయసు 24, గిటార్ బాగానే వాయిస్తారు, చేతిలో ఉద్యోగం ఉంది. దాన్ని వదిలేసి పూర్తిగా సంగీతంలోకి రావచ్చా, వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి ఎలా నిలబడ్డారు, లోన్ పెట్టి మంచి గిటార్ కొనాలా అని అడిగారు. నేను 22 ఏళ్లుగా కీబోర్డ్ వాయించుకుని బతుకుతున్నాను. నా పేరు చెబితే మీరు గుర్తుపట్టరు. ఈ రంగంలో ఇంటి ఖర్చులు వెళ్లదీస్తున్నవాళ్లలో ఎక్కువమంది నాలా పేరు తెలియనివాళ్లే కాబట్టి ధైర్యంగా జవాబు రాస్తున్నాను.

మొదటి మూడేళ్లు నాకు వేగం పిచ్చి ఉండేది. రోజుకి ఆరు గంటలు సాధన, ఎక్కడ సందు దొరికితే అక్కడ స్వరాలతో ఓ మెరుపు సంగతి వేసెయ్యడం. చూసినవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు. కానీ ఒకసారి పిలిచినవాళ్లు రెండోసారి పిలిచేవాళ్లు కాదు. కారణం చాన్నాళ్లు అర్థం కాలేదు. నాలో సగం కూడా వాయించలేడని నేను అనుకునే ఇంకో కీబోర్డ్ ప్లేయర్‌కి మాత్రం నెలలో ఒక్క వారం ఖాళీ ఉండేది కాదు. కడుపుమంటతోనే ఒకసారి అతని రిహార్సల్‌కి వెళ్లి కూర్చున్నాను.

అతను అందరికంటే అరగంట ముందొచ్చాడు. బ్యాగులో అదనంగా రెండు కేబుళ్లు, ఇంకో అడాప్టర్. పాడే అమ్మాయికి ఆ రోజు గొంతు పట్టేసింది. మొదటి పాట ఎత్తుకోగానే పై స్వరాల దగ్గర ఆమె ముఖం చూశాడు, ఏమీ అనకుండా రెండు మెట్లు దించి మళ్లీ ఎత్తాడు. కీబోర్డ్‌లో శ్రుతిని దానంతటదే మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది, కానీ అతను దాన్ని ముట్టుకోలేదు, వేళ్లతోనే మార్చి వాయించాడు. ఆమె పాడుతున్నంతసేపూ అతని చెయ్యి దాదాపు ఖాళీగానే ఉంది. ఆమె ఊపిరి తీసుకునే చోట మాత్రం రెండే రెండు స్వరాలు. నేనైతే ఆ పాటంతా నింపేసి ఉండేవాణ్ణి. ఆ రోజు ఇంటికెళ్లి నాకు తెలిసిన పాటలన్నీ పన్నెండు శ్రుతుల్లోనూ వాయించడం మొదలుపెట్టాను. ఏడాదిన్నర పట్టింది. నాకు రెండో పిలుపులు రావడం ఆ తర్వాతే.

మీరు గిటార్ కాబట్టి కాపో, అంటే తీగల్ని నొక్కిపెట్టే క్లిప్పు, పెట్టేసి తప్పించుకోవాలనిపిస్తుంది. అది మెట్టు పెంచడానికే పనికొస్తుంది, దించడానికి కాదు. దాన్ని నమ్ముకోవద్దు. టిక్ టిక్ మని లయ చూపించే మెట్రోనోమ్‌తో రోజూ కాసేపైనా వాయించండి. స్టూడియోలో హెడ్‌ఫోన్స్‌లో వినిపించే అలాంటి టిక్ టిక్, అదే క్లిక్ ట్రాక్, మీద తడబడితే ఎదుటివాళ్లు నవ్వుతూనే ఇంటికి పంపించేస్తారు.

డబ్బు సంగతికొస్తే, ఒక్క దారిని నమ్ముకుని నిలబడ్డవాణ్ణి నేను చూడలేదు. నాకు కొన్నేళ్లు స్టేజ్ ఎక్కువ, కొన్నేళ్లు స్టూడియో ఎక్కువ, పాఠాలు మాత్రం ఒక్క ఏడాది తప్ప ఎప్పుడూ ఆగలేదు. పాఠాలు చెప్పడం చిన్నతనమనుకునే రోజుల్లో చెప్పడం మానేశాను. ఆ ఏడాదే అప్పులపాలయ్యాను.

ఇక నేను చేసిన పెద్ద తప్పు. కెరీర్ మొదట్లో ఒక రికార్డింగ్ సంస్థకి నాలుగు ట్యూన్లు చేసిచ్చాను. ఒకేసారి చేతిలో పెట్టిన డబ్బు చూసి కాగితం చదవకుండా సంతకం పెట్టేశాను. తర్వాత వాటిలో ఒకటి బాగా ఆడింది, నాకు మళ్లీ పైసా రాలేదు. వాళ్లేమీ మోసం చెయ్యలేదు, అంతా కాగితంలో ఉన్నదే.

ఒక పాటలో రెండు రకాల హక్కులుంటాయని అప్పట్లో నాకు తెలీదు. ట్యూనూ సాహిత్యమూ ఒకటి, దాన్ని వాయించి పాడి చేసిన రికార్డింగ్ ఇంకొకటి. రెండోదాన్నే మాస్టర్ అంటారు. ఒకటి అమ్మినా రెండోది మీ దగ్గర ఉంచుకోవచ్చు, కానీ కాగితంలో స్పష్టంగా రాసుకోవాలి. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో ట్యూన్ కట్టి రికార్డు చెయ్యగానే హక్కు పుడుతుంది, ఎక్కడా రిజిస్టర్ చెయ్యక్కర్లేదు. కట్టినవాళ్లు పోయాక కూడా మామూలుగా కనీసం 50 ఏళ్లు అది ఉంటుంది. నేను ఒక్క నిమిషంలో వదిలేసుకున్నది అదీ. అడ్వాన్స్ అంటే కూడా బహుమతి అనుకోవద్దు. పాట వాడకం మీద మీకు రావలసిన వాటా, అంటే రాయల్టీలోంచి అదంతా పట్టుకున్నాకే మీకు మిగతాది ఇస్తారు. స్నేహితులతో కలిసి పాట చేస్తే ఎవరికెంత శాతమో ఆ రాత్రే రాసి అందరూ సంతకాలు పెట్టుకోండి. పాట హిట్టయ్యాక ఆ మాటెత్తితే స్నేహం మిగలదు.

చెవుల గురించి మీరు అడగలేదు, ఎవరూ అడగరు. డ్రమ్స్‌లో ఉండే ఇత్తడి పళ్లేలు, సింబల్స్, పక్కనే పదేళ్లు నిలబడ్డందుకు నా ఎడమ చెవిలో ఇప్పుడు రాత్రింబవళ్లు సన్నగా కూత వినిపిస్తుంది. దానికి మందు లేదు, అలవాటు పడటమే. అమెరికాలో పనిచోటి ఆరోగ్యాన్ని చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డిసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలు తట్టుకోవచ్చు. ఆపైన ప్రతి 3 డిసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. అంటే 100 డిసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. స్టేజ్ మీద అంత శబ్దం మామూలే. సంగీతకారుల కోసం చేసే ఇయర్ ప్లగ్స్ ఉంటాయి, అన్ని స్వరాలనూ దాదాపు ఒకేలా తగ్గిస్తాయి. మొదటి వారం చిరాగ్గా ఉంటుంది.

వేళ్లూ అంతే. పియానిస్ట్ లియోన్ ఫ్లైషర్‌కి 1960ల మధ్యలో, మంచి పేరున్న రోజుల్లో, కుడిచేతి వేళ్లు వాటంతటవే ముడుచుకుపోవడం మొదలైంది. దాన్ని ఫోకల్ డిస్టోనియా అంటారు, మెదడు ఆదేశాలు గాడితప్పి కండరాలు మాట వినని జబ్బు. ఆయన ఎడమచేతితో వాయించే రచనలు పట్టుకున్నాడు, ఆర్కెస్ట్రా నడిపించాడు, పాఠాలు చెప్పాడు. మళ్లీ రెండు చేతులతో కచేరీలు చేసేసరికి 1990లు వచ్చేశాయి. నొప్పి, తిమ్మిరి, వేళ్లు మాట వినకపోవడం, ఏది కనిపించినా ఇంకాస్త సాధన చేస్తే పోతుందనుకోకండి. వాయించడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. సాయంత్రాలూ సెలవు రోజులూ దొరికిన ప్రతి ప్రోగ్రాం ఒప్పుకోండి, ఎవరు రెండోసారి పిలిచారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒక ఏడాదిలో రెండోసారి పిలిచినవాళ్లు పదిమంది దాటితే, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంటే, అప్పుడు రాజీనామా సంగతి ఆలోచించండి. పది అనేది శాస్త్రమేం కాదు, నా అనుభవం నుంచి చెప్పిన అంకె.

గిటార్‌కి లోన్ మాత్రం వద్దు. ఉన్నదానికి కొత్త తీగలు వేయించి, తీగల ఎత్తూ అవీ సరిచేసే సెటప్ చేయించండి. మెడ మీది లోహపు గీతలు, ఫ్రెట్లు, అరిగిపోయి శ్రుతి నిలవడం లేదని రికార్డింగ్‌లో మీకే వినిపించిన రోజున మార్చుకుందురు గాని.