ఏడున్నర వరకే ద్వారకా

"హైదరాబాదులో రచయితలు, పేరున్నవాళ్లు కలుసుకునే పాత హోటళ్లలో మీరు స్వయంగా వెళ్లినది ఉందా? అక్కడ నిజంగా ఏం జరిగేది?" అని అడిగారు. ఉంది. లక్డీకాపూల్‌లోని ద్వారకా హోటల్. 1980ల చివర్లో, పెళ్లికి ముందు, సైఫాబాదులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన నాలుగేళ్లూ వారానికి రెండు మూడు సాయంత్రాలు అక్కడ కూర్చున్నాను.

ఇలాంటి ప్రశ్నకు నాకన్నా పెద్దవాళ్లు ముందు ఆబిడ్స్‌లోని ఓరియంట్ పేరు చెబుతారు. మా పెదనాన్న కూడా అంతే. ఉర్దూ కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ వచ్చి కూర్చునే చోటు అది. పెదనాన్నకు ఉర్దూ బాగా వచ్చు. మఖ్దూం మాటలు వినడానికే పక్క బల్ల దగ్గర ఒక్క చాయ్‌తో గంటసేపు గడిపేవారట. 1969 ఆగస్టు 25న మఖ్దూం పోయాక ఆ గుమ్మం ఎక్కబుద్ధి కాలేదని చెప్పేవారు. ఓరియంట్ ఇప్పుడు లేదు. మఖ్దూం విగ్రహం టాంక్‌బండ్ మీద ఉంది. ఆ హోటల్ గురించి నాకున్నది విన్న జ్ఞాపకమే కాబట్టి అక్కడితో ఆపుతాను.

ద్వారకా నేను చూసినది. తెలుగు కవులకు, అందులోనూ కొత్తగా రాస్తున్నవాళ్లకు, సాయంత్రం అయితే కాళ్లు అటే నడిచేవి. కె. శివారెడ్డి గారి చుట్టూ పెరిగిన బృందం అది. ఆయన అప్పట్లో వివేకవర్ధని కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకులు. 1990లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, చాలా ఏళ్ల తర్వాత సరస్వతీ సమ్మాన్ ఆయనకు వచ్చాయి. అంత పెద్ద కవి ఉన్న బల్ల దగ్గరికి నిన్నగాక మొన్న కలం పట్టిన పిల్లవాడు కూడా కుర్చీ లాక్కుని కూర్చోగలిగేవాడు. ద్వారకా గొప్పతనం ఏమిటని నన్నడిగితే మొదట ఇదే చెబుతాను. హోటల్ ఉన్న చోటు కూడా కలిసొచ్చింది. ఆకాశవాణి, రవీంద్రభారతి నడిచిపోయేంత దూరం. రేడియోలో రికార్డింగు ముగించుకున్నవాళ్లు, సభ మొదలయ్యేలోపు కాఫీ తాగుదామనుకున్నవాళ్లు, జిల్లాల నుంచి సచివాలయం పని మీద వచ్చి, పని కాక మర్నాటికి ఆగిపోయినవాళ్లు అక్కడికే చేరేవారు. జేబులో డబ్బులు తక్కువైన రోజున కాఫీ వన్ బై టూ చెప్పేవాళ్లం.

నేను మాత్రం ఏడున్నరకు లేవాలి. నేనుండే మహిళల హాస్టలు గేటు ఎనిమిదింటికి మూసేవారు. అసలు కవిత్వం, అసలు కొట్లాట ఏడున్నర తర్వాతే మొదలయ్యేవి. వచన కవితకు లయ అక్కర్లేదని ఒకరు, ఊపిరికే లయ ఉంటుంది కదా అని మరొకరు గొంతు పెంచుతుండగా నేను సంచి భుజానికి తగిలించుకునేదాన్ని. నాలుగేళ్లలో నేను విన్న వాదనలన్నీ సగం సగమే. మర్నాడు ఎవరినైనా అడిగితే "ఏమో, చివరికి అందరం నవ్వుకుని లేచాం" అనేవారు. ఆ నవ్వు నేను వినలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

స్త్రీవాద కవిత్వం ఊపందుకుంటున్న రోజులవి. బల్ల చుట్టూ పది మంది ఉంటే ఆడదాన్ని నేనొక్కదాన్నే, లేదా మరొకరు. ఆ కవితల భాష గురించి మాట వస్తే అందరి చూపూ నా మీదికి తిరిగేది, రాసిన వాళ్లందరి తరఫునా నేనే జవాబు చెప్పాలన్నట్టు. మొదట్లో బెదిరిపోయాను. తర్వాత చెప్పడం నేర్చుకున్నాను. అందరూ మర్యాదగానే ఉండేవారు. కానీ ఆ సాయంత్రాలు ఎవరికి పూర్తిగా దొరికాయి, ఎవరికి సగమే దొరికాయి అన్నది కూడా ఆ హోటల్ చరిత్రలో రాయాలి.

ఒకరోజు ధైర్యం చేసి ఆఫీసు గుండుసూది మీద రాసిన కవిత చదివాను. పక్క బల్ల మీద గిన్నెల చప్పుడు, ఎవరో సాంబారు అడుగుతున్న కేక. ఆ గోలలో నా గొంతు నాకే వినపడలేదు. చదవడం అయ్యాక, ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పెద్దాయన కాగితం తీసుకుని, చివరి నాలుగు పంక్తులకు అడ్డంగా గీత గీశారు. "సూది అంటే ఆడపిల్లేనని మాకు పైన్నే తెలిసిందమ్మా. కింద మళ్లీ చెప్పడం ఎందుకు?" అన్నారు. కోపం వచ్చి రెండు వారాలు అటు వెళ్లలేదు. మూడో వారం ఆ పంక్తులు తీసేసి పత్రికకు పంపాను. వేసుకున్నారు.

ఆ హోటల్లో కూర్చున్న ప్రముఖుల పేర్లు చాలామందికి తెలుసు. ఈ పెద్దాయన పేరు ఎక్కడా కనపడదు. ఆయన సొంత పుస్తకం అచ్చు కాలేదు. మధ్యాహ్నమంతా ఇతరుల వాక్యాలు దిద్ది, సాయంత్రం ద్వారకాకు వచ్చి మళ్లీ ఇతరుల వాక్యాలే వినేవారు. నా మొదటి సంపుటి ప్రూఫులు ఆ బల్ల మీదే చూసిపెట్టారు. డబ్బు వద్దన్నారు. రెండు ఇడ్లీలు, ఒక కాఫీ తెప్పించుకున్నారు. గుండుసూది కవిత దగ్గర ఆగి, పేజీ అడుగున వేలు పెట్టి, ఆ నాలుగు పంక్తులు లేవని చూసుకుని, ఇంకేమీ అనకుండా పేజీ తిప్పారు.