స్టీరింగ్ బాక్స్ మార్చే ముందు ఒకసారి బండి కింద దూరి చూడండి

పాత ఫోర్ బై ఫోర్ బండిలో స్టీరింగ్ ప్లే (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే లూజు) ఎక్కువైందని, మెకానిక్ స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ కదలికను చక్రాల వైపు పంపే గేర్ల పెట్టె) మార్చేయమన్నాడని రాశారు. తొందరపడకండి బ్రదర్. ఇంజిన్ ఆపి, ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా ఊపమని, మీరు కింద చూడండి. స్టీరింగ్ నుంచి బాక్సులోకి వెళ్లే షాఫ్ట్ తిరుగుతున్నా పిట్‌మన్ ఆర్మ్ (బాక్సు బయట ఉండి, చక్రాల రాడ్లను కదిలించే చేయి) కదలకపోతే లోపం బాక్సుదే. ఆర్మ్ కదిలినా చక్రాలు కదలకపోతే టై రాడ్ ఎండ్లు (చక్రాలను తిప్పే రాడ్ల చివర ఉండే కీళ్లు) చూడాలి. బాక్సే మొత్తంగా ఊగుతుంటే బోల్టులు వదులై ఉంటాయి, లేదా అక్కడ ఛాసిస్ పగిలి ఉంటుంది. రాళ్లలో తిరిగిన బళ్లకు ఇది మామూలే.

బాక్సుదే అయితే చక్రాలు నేరుగా పెట్టి, బాక్సు మీదున్న అడ్జస్టింగ్ స్క్రూ లాక్ నట్ వదులు చేసి, ఆ స్క్రూ కొద్ది కొద్దిగా బిగించండి. ఎక్కువైతే మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు, అది ఇంకా ప్రమాదం. అప్పటికీ తగ్గకపోతేనే మార్చండి. విప్పే ముందు ఆర్మ్‌కీ, అది బిగించి ఉన్న బాక్సు షాఫ్ట్‌కీ కలిపి గీత పెట్టుకోండి. ఆర్మ్‌ను పుల్లర్‌తోనే (బిగుసుకున్న భాగాన్ని లాగి తీసే పనిముట్టు) లాగండి, సుత్తి జోలికి వెళ్లొద్దు.